బ్రేకు ఇన్‌స్పెక్టరు రాని రోజులు

తెలుగు సాహిత్యం బోధించేవానికి టైర్లతోను, బ్రేకులతోను పనేమిటని పాఠకులు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. నాలుగేళ్ళ క్రిందట ప్రిన్సిపాలుగారు కళాశాల పనులను అధ్యాపకులకు పంచుతూ గ్రంథాలయాన్ని చరిత్ర శాఖకు, క్రీడలను వాణిజ్య శాఖకు, పరీక్షల విభాగాన్ని గణితశాస్త్రం వారికి అప్పగించగా, చివరకు మిగిలింది కళాశాల బస్సు. మిగిలినది మాకు దక్కింది. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో పద్యానికి గణవిభజన చేయడం నేర్చుకున్నాము గాని, బస్సు చక్రానికి ఎన్ని నట్లు ఉంటాయో మాకు ఎవ్వరూ చెప్పి ఉండలేదు. అట్టి మాకు ఈ నాలుగేళ్ళలో ఆ బస్సే ఒక పాఠ్యగ్రంథం అయింది. ఆ గ్రంథానికి వ్యాఖ్యాత మా డ్రైవరు. ఆయనను విద్యార్థులందరూ చాచా అంటారు కనుక మేమూ అలాగే అంటాము.

మన జిల్లాలలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును జనం 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని పిలుస్తారు. ఆ హోదా ప్రభుత్వం వారు ఇచ్చినది కాదు, ప్రజలు తగిలించినది. ఆ అధికారి దీపాలు చూస్తాడు, టైర్లు చూస్తాడు, పొగ చూస్తాడు, కాగితాలు చూస్తాడు. ఇన్ని చూసేవానికి ప్రజలు ఒక్క బ్రేకునే బిరుదుగా ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. బండి కదలకపోతే పని చెడుతుంది. ఆగకపోతే సంసారం చెడుతుంది. పామరులు పెట్టిన పేర్లలో పండితులు పెట్టిన పేర్లలో కంటె ఎక్కువ అర్థం ఉండడం భాషాచరిత్రలో క్రొత్త సంగతి కాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం విద్యాసంస్థల బస్సును రవాణా వాహనాల కోవలో చేర్చింది. కనుక దానికి ఎఫ్.సి., అనగా బండి రోడ్డుకు తగి ఉన్నదనే ధ్రువపత్రం, తప్పనిసరి. మా బస్సుకు పన్నెండేళ్ళు దాటాయి కాబట్టి ఏటేటా దానిని పరీక్షకు తీసుకువెళ్ళవలసిందే. ఇప్పుడు కొన్నిచోట్ల యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు కూడా వచ్చాయి. ఎవరు చేసినా, ఏమి పెట్టి చేసినా, ఆ పరీక్ష ఒక రోజు జరుగుతుంది. ఆ రోజు ఉదయం బండి కడిగి, దీపాలు సరిచేసి, పెళ్ళికొడుకును చేసినట్లు చేసి తీసుకుపోతాము. తక్కిన 364 రోజులు బ్రేకు ఇన్‌స్పెక్టరు రాడు.

మీ మోటారు సైకిళ్ళ సంగతి ఇంకా విచిత్రం. సొంత వాహనానికి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ గడువు తీరిన పిదప మాత్రమే దానిని మరల అధికారికి చూపించి, ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. పొగ పరీక్ష పొగను మాత్రమే చూస్తుంది. కూడలిలో ఆపిన పోలీసువారు శిరస్త్రాణాన్ని, కాగితాలను చూస్తారు. కొన్ననాడు మీరు ఇంటర్మీడియట్ చదువుతూ ఉంటే, ఆ బండి బ్రేకులను అధికారికంగా ఒకరు పరీక్షించే నాటికి మీ బిడ్డలు బడికి పోతూ ఉంటారన్నమాట. ఈ పదిహేనేళ్ళూ బ్రేకు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఎవరు చేయాలి?

మన సమాజంలో వాహనానికి రక్షణ కల్పించే ఆచారాలు లేకపోలేదు. క్రొత్త బండి వస్తే ఒకరు చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మరొకరు దర్గాకు తీసుకుపోయి ఫాతిహా చదివిస్తారు. అద్దం మీద ఒకరు ఓంకారం, మరొకరు 786 అంటిస్తారు. వీటిని పరిహసించడం మా ఉద్దేశం కాదు. పైగా దసరా నాటి ఆయుధపూజను గురించి చాచా చెప్పిన మాట మాకు ఎన్నటికీ మరపురాదు. ఆయన మన కళాశాలకు రాకముందు ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడు. దసరాకు గ్యారేజీలో పానాలను, జాకీలను, బండ్లను తోమి కడిగేవారట. ముసల్మాను మేస్త్రీలు, హిందూ మేస్త్రీలు అందరూ కలిసే కడిగేవారట. "ఏడాది పొడవునా బురద క్రింద దాగిన పగులు ఆ రోజు బయటపడేది సార్. పూజ సంగతి దేవుడెరుగు, ఆ కడుగుడు మాత్రం నిజంగా బండిని కాపాడేది" అన్నాడు. ఆచారం పుట్టిన కారణం ఏదైనా గాని, అందులో ఇమిడి ఉన్న పని ఇదే: ఇంత తీరికగా, ఇంత దగ్గరగా బండిని చూసే రోజు ఒకటి ఉండడం.

చాచాకు ఆ అలవాటు ఆర్టీసీ నేర్పింది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన ఆ రవాణా వ్యవస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. ప్రయాణికులమైన మనకు తెలిసినది టిక్కెట్టు, సీటు, ఆలస్యం మాత్రమే. డిపో గోడ వెనుక రాత్రి జరిగే పని మనకు కనిపించదు. బండి దింపిన డ్రైవరు దాని నలతను వ్రాయిస్తాడు. రాత్రి గ్యారేజీలో ఆ వ్రాతను చూసి పని చేస్తారు. తెల్లవారి మరొక డ్రైవరు బండి ఎక్కుతాడు. వ్రాసినవాడు ఒకడు, బాగుచేసినవాడు ఒకడు, నమ్మి నడిపేవాడు ఇంకొకడు. ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా ఆ కాగితం వారిని కలుపుతుంది.

ఇక చాచా ఉదయం చేసే ప్రదక్షిణ చెబుతాము. తెల్లవారి ఆరు గంటలకు బస్సు నందికొట్కూరు వైపు పల్లెలకు బయలుదేరాలి. ఆయన ఐదున్నరకే వస్తాడు. మొదట బండి ఎక్కడు. వంగి క్రింద నేలను చూస్తాడు. రాత్రంతా నిలిచిన చోట నేల మీద నల్లని మరక ఉంటే ఇంజను నూనె, రంగు నీళ్ళయితే రేడియేటరు, వాసనను బట్టి డీజిలు. నేల ముందుగా చెబుతుందని ఆయన నమ్మకం. తరువాత చేతిలో ఒక ఇనుప కడ్డీతో చుట్టూ తిరుగుతాడు. చక్రం నట్లను ఒక్కొక్కదానిని తడతాడు. బిగువుగా ఉన్నది ఖణేలుమంటుంది, వదులైనది మూగగా పలుకుతుంది. వెనుక జంట చక్రాలలో లోపలి టైరు గాలి పోయినా బయటకు కనిపించదు, ప్రక్క టైరు బరువు మోస్తూ ఉంటుంది కనుక. దానినీ కడ్డీతోనే తట్టి వింటాడు. రెండు టైర్ల నడుమ ఇరుక్కున్న రాయిని పొడిచి తీస్తాడు. వేగంలో ఆ రాయి ఎగిరితే వెనుక వచ్చేవాని నుదుటికి తగులుతుంది. ఒకనాడు మేము ప్రక్కన నిలిచి చూస్తూ ఉంటే, "గాడీ బోల్తీ సార్, హమీచ్ సున్‌తే నై" అన్నాడు. బండి మాట్లాడుతూనే ఉంటుంది, మనమే వినము అని ఆయన భావం. యతిప్రాసలను చెవితో పట్టుకోవాలని తరగతిలో పదే పదే చెప్పే మాకు, నట్లను చెవితో పట్టుకునేవాడు సహజంగానే ఆత్మీయుడైనాడు.

చుట్టూ తిరిగిన తరువాత గాలి తొట్లకు క్రింద ఉన్న మరను తిప్పి, అందులో చేరిన నీటిని వదులుతాడు. మా బస్సుకు ఉన్నవి గాలి బ్రేకులు. గాలిని అదిమి నింపినపుడు అందులోని తేమ నీరై తొట్టి అడుగున నిలుస్తుంది. నిలిచిన నీరు లోపల తుప్పు పట్టిస్తుంది, గాలికి ఉండవలసిన చోటు తాను ఆక్రమిస్తుంది. పిదప ఇంజను నడిపి, గాలి ముల్లు పైకి ఎక్కేదాకా ఆగి, ఇంజను ఆపివేసి, ముల్లును చూస్తూ కూర్చుంటాడు. ముల్లు నిలిస్తే లోపల ఎక్కడా కారడం లేదన్నమాట. ఈ కూర్చోవడం ఐదు నిమిషాలు. దీనిని చూసి "చాచా నిద్రపోతున్నాడు" అని నవ్విన విద్యార్థులున్నారు.

అత్యవసర ద్వారం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 2013 అక్టోబరు 30న మన ఊరి మీదుగా హైదరాబాదు పోతున్న బస్సు పాలెం వద్ద తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మన కర్నూలు ప్రక్కనే చిన్నటేకూరు వద్ద మరొక బస్సు కాలిపోయి 20 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ఆ వారంలో ఈ ఊరిలో అన్నం సహించినవారు తక్కువ. నిప్పు పుట్టిన కారణాలను నిపుణులు తేల్చాలి. మేము చేయగలిగినది ఒక్కటే: నిప్పు పుడితే బయటకు వచ్చే దారిని తెరిచి ఉంచడం. చాచా ఇప్పుడు ప్రతి ఉదయం ఆ తలుపును ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తాడు. దాని ముందు సంచులు, క్రికెట్ బ్యాట్లు పెట్టవద్దని మేము ఎన్నిసార్లు చెప్పినా పెడుతున్నవారు ఈ వ్యాసం చదువుతున్నారని మాకు తెలుసును. పేర్లు వ్రాయడం లేదు.

విద్యార్థి మిత్రులారా, మీ బండ్లను గురించి రెండు మాటలు. మోటారు సైకిలు టైరు ప్రక్కన అచ్చులో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు ఇంకా లోతుగానే కనిపించినా రబ్బరు వయసు ఆ అంకెలు చెబుతాయి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్టులు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టులతో సమమైతే దానికి వీడ్కోలు చెప్పవలసిందే. డిస్కు బ్రేకు ఉన్న బండిలో బ్రేకు నూనె ఉంటుంది. దానికి గాలిలోని తడిని పీల్చుకునే గుణం ఉన్నది. సామాన్యమైన మూడవ రకం నూనె క్రొత్తగా ఉన్నపుడు 205 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి. తడి పీల్చిన తరువాత దానికి పెట్టిన హద్దు 140 డిగ్రీలే. పల్లంలో పదే పదే బ్రేకు నొక్కగా వేడెక్కి ఆ నూనె మరిగిందా, గొట్టంలో బుడగలు పుట్టి, మీరు నొక్కిన నొక్కుడు బుడగలను అదమడానికే సరిపోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్ళకొకసారి దానిని మార్చమంటారు. ఇంజను నూనె గురించి అడిగేవారు మాకు చాలామంది తగిలారు. బ్రేకు నూనె గురించి అడిగినవారు ఇంతవరకు ఒక్కరే. ఆమె బి.ఎస్‌సి. రెండవ సంవత్సరం విద్యార్థిని. తన తండ్రి స్కూటీ కోసం అడిగింది.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది, మోటారు సైకిలుపై వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, వెనుక చక్రంలో బట్టలు చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే ఏర్పాటు ఉండాలని చెబుతుంది. బండి కొన్న వారం రోజులలో మన కుర్రవాళ్ళు ఊడదీసే మొదటి వస్తువు ఇదే. అది బండి అందాన్ని చెడగొడుతుందట. వెనుక కూర్చునే తల్లి కొంగు, చెల్లెలి దుపట్టా, బురఖా అంచు ఆ చక్రానికి జానెడు దూరంలో రెపరెపలాడుతూ ఉంటాయి. మన కళాశాలలో చదివే ఆడపిల్లల వస్త్రధారణ అందరికీ తెలిసినదే. సైకిళ్ళు నిలిపే పాకలో మేము ఒకసారి లెక్కపెట్టగా, ఆ రోజు నిలిపిన 61 మోటారు సైకిళ్ళలో 38 బండ్లకు ఆ కప్పు లేదు. దానిని తిరిగి బిగించడానికి ఒక పానా, పావుగంట కాలం చాలును.

ఇప్పుడు కమిటీ పెద్దలకు విన్నవించుకోవలసిన ముఖ్య విషయానికి వస్తాము. గత మార్చిలో విశ్వవిద్యాలయ పరీక్షలు జరుగుతున్నవి. తొమ్మిది గంటలకు పరీక్ష. పల్లెల నుండి 43 మంది పిల్లలు మన బస్సులో రావాలి. ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు చాచా మాకు ఫోను చేసి, "సార్, ముల్లు దిగుతున్నది. ఈ రోజు బండి పోదు" అన్నాడు. మేము వెళ్ళేసరికి తాళపుచెవి బల్ల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. వార్త విని కమిటీ పెద్దలు ఒకరు కూడా వచ్చారు. ఆయన కళాశాల కోసం ఎంత శ్రమిస్తారో మాకు తెలియనిది కాదు. ఆ ఉదయం ఆయన ఆందోళనకూ అర్థం ఉన్నది.

"ఏమయ్యా మియా, ఎఫ్.సి. ఇంకా నాలుగు నెలలు ఉన్నది కదా?" అన్నారాయన.

"ఉన్నది సాబ్. కాగితం బీరువాలో ఉన్నది. బ్రేకు బండి క్రింద ఉన్నది" అన్నాడు చాచా.

ఆయన ఊరుకోలేదు. గాలి పూర్తిగా పోతే వెనుక చక్రాలు వాటంతట అవే బిగుసుకునే ఏర్పాటు ఈ బండ్లలో ఉన్నదని విన్నాననీ, అటువంటపుడు ప్రమాదమేమున్నదనీ అడిగారు. ప్రశ్న తెలివైనది, ఏర్పాటు కూడా నిజమే. చాచా జవాబు మాకు మాటమాటా జ్ఞాపకమున్నది. "ఆగుతుంది సాబ్. ఎక్కడ ఆగాలో మనల్ని అడిగి ఆగదు. కె.సి. కాలువ మలుపులో ఆగితే? వెనుక ఇసుక లారీ ఉంటే? పూర్తిగా పోవడానికి ముందు సగం గాలి ఉంటుంది చూడండి, అదీ భయం. బ్రేకు పడినట్లే ఉంటుంది, బండి పదిగజాలు ముందుకు పోయి ఆగుతుంది. ఆ పదిగజాలలో ఎవరున్నారో!"

తరువాత వాదన జరగలేదు, సమయమూ లేదు. రెండు జీపులు, మూడు ఆటోలు మాట్లాడాము. కొందరు పల్లెవెలుగు బస్సు పట్టుకున్నారు. 41 మంది వేళకు చేరారు. ఇద్దరు పది నిమిషాలు ఆలస్యంగా, రొప్పుతూ హాలులోకి వెళ్ళారు. పది గంటలకు వచ్చిన మేస్త్రీ బస్సు క్రింద దూరి, వెనుక ఇరుసు దగ్గర ఒక రబ్బరు గొట్టాన్ని చూపాడు. అది ఇనుప పట్టీకి రాసుకొని రాసుకొని, లోపలి నూలు కనిపించేదాకా అరిగి ఉన్నది. క్రొత్త గొట్టం ఖరీదు కంటె జీపుల కిరాయి ఎన్నో రెట్లు ఎక్కువ అయింది.

ఆ రోజు బస్సు పోయి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ కాకపోవచ్చును. పోయి, వచ్చి, సాయంత్రం మరల పోయి ఉండవచ్చును. ఇక్కడే ఉన్నది అసలు చిక్కు. జరిగిన ప్రమాదానికి సాక్షులు ఉంటారు, పంచనామా ఉంటుంది, పత్రికలో ఫొటో ఉంటుంది. జరగకుండా తప్పిన ప్రమాదానికి సాక్ష్యం ఒక అరిగిన రబ్బరు ముక్క, జీపుల కిరాయి రసీదు. లెక్కలు చూసేవారికి రసీదు మాత్రమే కనిపిస్తుంది. ఆ నెల కమిటీ సమావేశంలో ఆ కిరాయిని డ్రైవరు జీతం నుండి పట్టుకోవాలనే మాట వచ్చినట్లు మాకు తెలిసింది. ఆ మాట నెగ్గలేదు. నెగ్గనివ్వని పెద్దలకు మేము కృతజ్ఞులము. అయితే అటువంటి మాట ఇకముందు రాకూడదనే నియమం కూడా ఏదీ ఏర్పడలేదు.

చాచాకు వయసు మీరింది. వచ్చే జూన్ నెలాఖరుకు సెలవు పుచ్చుకుంటున్నాడు. ఆయన స్థానంలో రాబోయేవాడు ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు. చేతి పని మంచిదని చాచాయే చెప్పాడు. కాని తాళపుచెవి బల్ల మీద పెట్టి పెద్దల ఎదుట నిలబడడం చేతి పనికి సంబంధించినది కాదు. చాచాకు ముప్ఫై ఏళ్ళ సర్వీసు, పింఛను, తెల్లగడ్డం అండగా ఉన్నవి. క్రొత్త అబ్బాయికి మూడు నెలల క్రితం పుట్టిన బిడ్డ, నెలజీతం ఉన్నవి. ముల్లు దిగుతున్నదని చెప్పడానికి అతడు జంకితే తప్పు అతనిది అనలేము.

అందుచేత ఒక పుస్తకం తయారుచేశాము. పొడుగాటి లెక్కల పుస్తకం. చాచా ఉర్దూ మీడియంలో చదివినవాడు. తెలుగు బోర్డులు కూడబలుక్కొని చదువుతాడు గాని వ్రాయలేడు. మేస్త్రీకి తెలుగు తప్ప రాదు. కనుక పుస్తకాన్ని కుడి నుండి చాచా ఉర్దూలో వ్రాస్తాడు, ఎడమ నుండి మేస్త్రీ తెలుగులో వ్రాస్తాడు. మన ఈ వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు ఉన్నట్లే దానికీ రెండు అట్టలు. సాయంత్రం మేము కూర్చొని అటుది ఇటు, ఇటుది అటు అనువదిస్తాము. మా అనువాద సామర్థ్యానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు. కవిత్వంలో ఒక మాట అటూ ఇటూ అయితే భావం చెడుతుంది, ఇక్కడ గొట్టం మారిపోతుంది. ఎడమ వెనుక చక్రం 'ఊఁ అంటున్నది' అని చాచా వ్రాసిన రోజున సరియైన తెలుగుమాట కోసం మేము గంటసేపు తడుముకున్నాము. చివరకు 'మూలుగుతున్నది' అని వ్రాశాము. మేస్త్రీ చదివి, బేరింగు అని తేల్చాడు.

ప్రతి పుటలోను అడుగున రెండు గళ్ళు గీశాము. మొదటిది డ్రైవరుది: 'బండి కదులుతుంది' లేదా 'బండి కదలదు'. రెండవది, కదలదని డ్రైవరు వ్రాసిన తరువాత కూడా కదిలించమని చెప్పేవారు ఎవరైనా ఉంటే, వారు తమ పేరు వ్రాసి సంతకం చేయవలసిన గడి. అది ప్రిన్సిపాలుగారు కావచ్చును, కమిటీ పెద్దలు కావచ్చును, బస్సు బాధ్యత చూస్తున్న మేము కావచ్చును. కదలదని వ్రాసినందుకు డ్రైవరు జీతంలో కోత పడరాదని, ఆ రోజు కిరాయి కళాశాల ఖర్చు క్రిందనే వ్రాయాలని కమిటీ ఒక తీర్మానం చేయవలసిందిగా కోరుతూ దరఖాస్తు ఇచ్చి రెండు నెలలు అయింది.

పుస్తకం డ్రైవరు సీటు వెనుక మేకుకు వ్రేలాడుతున్నది. ఎవరైనా చూడవచ్చును. మొదటి గడి ఇప్పటికి నూట పన్నెండుసార్లు నిండింది. అందులో 'కదలదు' అని ఉన్నది మూడుసార్లు. రెండవ గడి ఖాళీగా ఉన్నది. తీర్మానం వచ్చే సమావేశపు కార్యక్రమంలో ఐదవ అంశంగా ఉన్నదని కార్యాలయం వారు చెప్పారు.